తిరుపతిలో ఎమ్మే ఫిలాసఫీ: ఎందుకు చేరాలి, ఎలా చదవాలి, ఏ పనికి వెళ్లాలి

డిగ్రీ చివరి సెమిస్టర్లో ఉండి, పీజీకి ఏ సబ్జెక్టు పెట్టాలో తేలనివాళ్ల కోసం ఈ వివరాలు. ఫిలాసఫీ అన్న మాట ఇంట్లో ఎత్తితే రెండు ప్రశ్నలు వస్తాయి. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అని నాయన. "కొండ కింద ఊళ్లో స్వాములకేం తక్కువని నువ్వు కూడానా?" అని మేనమామ. మేనమామకు ఒక నవ్వు చాలు. నాయనకు మాత్రం లెక్క చూపించాలి. ఆ లెక్క ముందు మీకు తెలిసి ఉండాలి.

మొదటే ఒక మాట. ఎమ్మే ఫిలాసఫీ పట్టా ఒక్కటే పట్టుకుని బయటికొస్తే నేరుగా దొరికే ఉద్యోగాలు చాలా కొద్ది. డీఎస్సీలో ఫిలాసఫీ టీచరు అనే పోస్టే లేదు. మన చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ చెప్పేవి అరుదు, అందుకే లెక్చరర్ ఖాళీలూ అరుదు. అయినా ఈ చదువు దండగ కాదు. కాడికి ఒక్క ఎద్దును కడితే దుక్కి సాగదు, అంతే. ఫిలాసఫీ పక్కన కట్టే రెండో ఎద్దు ఏదో మొదటి సెమిస్టర్లోనే తేల్చుకోవాలి. రెండేళ్లు అయ్యాక వెతకడం మొదలుపెడితే గెస్ట్ లెక్చరర్ జీతం మీద ఏళ్లు గడిచిపోతాయి.

1. చేరే ముందు ఒక వారం మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు ఒక చిక్కు ఉంది. చిన్నప్పటినుంచి ప్రవచనాలు విని ఉంటారు కాబట్టి యూనివర్సిటీలో చెప్పేదీ అదేననుకుంటారు. కాదు. ప్రవచనంలో చెప్పేవారి మాటను నమ్మి వింటాం. క్లాసులో శంకరులు చెప్పినా జర్మన్ తత్వవేత్త కాంట్ చెప్పినా "ఎందుకు ఒప్పుకోవాలి?" అని అడగాలి. ఆ అడగడం మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి రోజుకో గంట చొప్పున ఒక వారం చాలు.

మొదటి మూడు రోజులూ పత్రికలో సంపాదకీయం ఒకటి తీసుకోండి. రాసినవారు చివరికి మిమ్మల్ని ఏం ఒప్పించాలనుకున్నారో ఒకే వాక్యంలో రాయండి. కింద వాళ్లు ఇచ్చిన కారణాలు వరసగా రాయండి. ఆ కింద, వాళ్లు నోటితో చెప్పకపోయినా నిజమని అనుకుని సాగిపోయిన విషయం ఒకటైనా పట్టుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సారాంశం రాసేసి అదే విశ్లేషణ అనుకుంటారు.

నాలుగు, అయిదో రోజుల్లో మీకు గట్టిగా నచ్చిన అభిప్రాయం ఒకటి ఎంచుకుని, దానికి వ్యతిరేకంగా 300 మాటలు రాయండి. వెటకారం ఉండకూడదు. మన శాస్త్రకారులు దీన్ని పూర్వపక్షం అన్నారు. ఎదుటివాడి వాదం వాడికన్నా బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలన్నది పద్ధతి. చివరి రెండు రోజుల్లో దాన్ని నిజంగా ఆ వ్యతిరేక అభిప్రాయం ఉన్న స్నేహితుడికి చూపించండి. "నేను చెప్పాలనుకున్నదే" అని వాడంటే మీరు ఈ చదువుకు పనికొస్తారు. రాస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోతే ఇంకో సబ్జెక్టు చూసుకోవడం మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక కారణాల సంగతి. చుట్టూ అందరూ సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు చెబుతారు. ఆయన తిరుపతిలోనే లూథరన్ మిషన్ బడిలో చదివారు. తర్వాత మద్రాసులో ఫిలాసఫీ తీసుకున్నది, అదే కోర్సు ముగించిన బంధువు పుస్తకాలు ఊరికే దొరికాయని అంటారు. అంటే డబ్బు లేక. అభిరుచి పుట్టాకే చేరాలన్న నియమం ఏమీ లేదన్నమాట. చేరాక అలవాటు చేసుకునే పని ముఖ్యం: పెద్ద వాదాన్ని ముక్కలు చేయడం, ఏ ముక్క బరువు మోస్తుందో చూడటం, చూసింది స్పష్టంగా రాయడం. కోర్టులోనూ, ఫైలు మీద నోట్ రాసే ఆఫీసులోనూ, పత్రికలోనూ జీతం ఇచ్చేది ఈ మూడు పనులకే.

2. ఏ గడప తొక్కాలి

తిరుపతిలోనే రెండు దారులున్నాయి, రెండూ వేరు వేరు చదువులు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఫిలాసఫీ అంటే భారతీయ, పాశ్చాత్య దర్శనాలు, నీతిశాస్త్రం, తర్కం కలిపి ఉండే ఆధునిక పద్ధతి. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా సున్నానుంచి మొదలుపెట్టొచ్చు. రెండోది జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. విద్యాపీఠంగా మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అక్కడ న్యాయం, అద్వైతం, విశిష్టాద్వైతం, ద్వైతం వంటివి ఒక్కో శాస్త్రంగా మూల గ్రంథాలు పట్టుకుని చదువుతారు. డిగ్రీ స్థాయిని శాస్త్రి, పీజీ స్థాయిని ఆచార్య అంటారు. సంస్కృతం రాకుండా ఆచార్యలో అడుగుపెట్టాలనుకోవడం ఈత రాకుండా కల్యాణి డ్యామ్‌లో దూకడమే.

ఊరు దాటగలిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పుదుచ్చేరి యూనివర్సిటీల్లో కూడా ఎమ్మే ఫిలాసఫీ ఉంది. అక్కడికి సీయూఈటీ పీజీ (కేంద్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి.

తప్పు ఎక్కువగా జరిగేది తేదీల దగ్గర. సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ డిసెంబరు, జనవరి మధ్య వచ్చి పరీక్ష మార్చిలో అయిపోతుంది. మన ఏపీ పీజీసెట్ (రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) వేసవిలో జరుగుతుంది. పీజీసెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు సెంట్రల్ యూనివర్సిటీల గడువు దాటిపోయిందని ఏప్రిల్‌లో తెలుసుకుంటారు. చివరి సంవత్సరం సంక్రాంతి సెలవుల్లోనే సీయూఈటీ అప్లికేషన్ పెట్టేయండి.

రెండు పరీక్షలకూ వ్యూహం వేరు. పీజీసెట్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మార్కు కోత లేదు. అందుకని ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. సీయూఈటీలో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు పోతుంది. నాలుగు జవాబుల్లో రెండింటిని కొట్టేయగలిగితే ఊహించి పెట్టండి, కొట్టేయలేకపోతే ముట్టుకోకండి. పీజీసెట్‌లో ఫిలాసఫీ ఏ టెస్ట్ కోడ్ కింద వస్తుందో ఆ ఏడాది సమాచార పుస్తకంలో చూసుకునే ఫీజు కట్టండి. కోడ్ తప్పు పెట్టి ర్యాంకు తెచ్చుకున్నా కౌన్సెలింగ్‌లో ఆ కోర్సు తెర మీద కనబడదు.

3. మొదటి సెమిస్టర్: తర్కంతో మొదలుపెట్టండి

సిలబస్ ఏ వరసలో ఉన్నా మీ సొంత చదువు తర్కంతో మొదలుపెట్టండి. మిగతా పేపర్లన్నీ దాని మీదే నిలబడతాయి. కొత్తవాళ్లకు భయం కూడా దాని మీదే, గుర్తులు చూసి లెక్కల పేపరు అనుకుంటారు.

న్యాయశాస్త్రంలోని అయిదు అవయవాల అనుమానం తీసుకోండి. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించిన దాన్నిబట్టి కనిపించనిది తేల్చడం. ప్రతిజ్ఞ: ఆ కొండ మీద నిప్పు ఉంది. హేతువు: పొగ ఉంది కాబట్టి. ఉదాహరణ: ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఉపనయం: ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. నిగమనం: అందువల్ల కొండ మీద నిప్పు ఉంది.

ఈ ఉదాహరణకు తిరుపతిలో కొండ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏప్రిల్‌లో శేషాచలం వైపు పొగ లేస్తే అడవి అంటుకుందని అనుకోవడం సరైన అనుమానమే. డిసెంబరు పొద్దున అదే చోట తెల్లగా తేలేది మంచు. పొగ అనుకున్నది పొగే కాదు, కాబట్టి హేతువు ఆ కొండ మీద లేనే లేదు. ఈ దోషం పేరు అసిద్ధం. ఇప్పుడు వాక్యాన్ని తిప్పండి: "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది." ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవ్వాలి. చెప్పకుండా దాగిన ఆ షరతును ఉపాధి అంటారు. మొదటి వారం సంపాదకీయంలో మీరు వెతికినది కూడా ఇలాంటి దాగిన షరతునే.

పరీక్షలో ఇక్కడ సాధారణంగా పోయే మార్కులు రెండు చోట్ల. ఒకటి, అయిదు అవయవాల పేర్లు రాసి ఉదాహరణ దగ్గర "ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు" అని మాత్రమే రాసి వంటిల్లు వదిలేయడం. కంటితో చూసిన చోటును చూపించడమే ఆ అవయవం పని. అది లేకపోతే అరిస్టాటిల్ పద్ధతికీ దీనికీ తేడా ఏమిటో మీరు చెప్పనట్టే. రెండు, హేత్వాభాసాలు (హేతువులా కనిపించే తప్పుడు హేతువులు) అయిదింటిని (సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం) నిర్వచనాలుగా బట్టీపట్టడం. ఒక్కోదానికి మీ ఊరి ఉదాహరణ ఒకటి సొంతంగా కట్టుకోండి, జన్మలో మరిచిపోరు.

పాశ్చాత్య తర్కంలో సత్యపట్టికలు (వాక్యాలు సత్యమైతే, అసత్యమైతే ఏమవుతుందో అన్ని కలయికలూ చూపే పట్టికలు) చేత్తో వేయండి. రెండు ప్రతిపాదనలకు 4 వరసలు, మూడింటికి 8, నాలుగింటికి 16. రోజుకు అయిదు పట్టికల చొప్పున నెల రోజులు వేస్తే చెయ్యి తిరుగుతుంది. అందరూ తడబడేది "అయితే" వాక్యం దగ్గర. "ఫస్ట్ క్లాస్ వస్తే బైక్ కొనిస్తా" అని నాయన అన్నాడనుకోండి. ఫస్ట్ క్లాస్ రాలేదు, అయినా కొనిచ్చాడు. మాట తప్పినట్టా? కాదు. ఫస్ట్ క్లాస్ వచ్చాక కొనివ్వకపోతేనే మాట తప్పినట్టు. నాలుగు వరసల్లో ఆ ఒక్కటే అసత్యం అవుతుంది, మిగతా మూడూ సత్యం. ఇంకో ఉచ్చు: "గరుడసేవ ఉంటే కొండ బస్సులు కిక్కిరిసి ఉంటాయి. ఈరోజు కిక్కిరిసి ఉన్నాయి. కాబట్టి ఈరోజు గరుడసేవ." వేసవి సెలవుల్లో ఏ శనివారమైనా బస్టాండుకు వెళ్లి చూస్తే ఇందులో తప్పు తెలిసిపోతుంది.

సంస్కృతం వైపు మొగ్గు ఉన్నవాళ్లు అన్నంభట్టు తర్కసంగ్రహంతో మొదలుపెట్టొచ్చు. చిన్న పుస్తకం, విద్యార్థుల కోసమే రాసినది.

4. దర్శనాలు చదివే వరస, రాసే తీరు

భారతీయ దర్శనాలను ప్రమాణాల లెక్కతో పట్టుకోండి. ఏది జ్ఞానమో తేల్చే సాధనాలు ఎన్ని ఒప్పుకుంటారన్న దాన్ని బట్టి మిగతా సిద్ధాంతం అంతా నడుస్తుంది. చార్వాకులకు ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలిసేది) ఒక్కటే. బౌద్ధులకు, వైశేషికులకు రెండు: ప్రత్యక్షం, అనుమానం. సాంఖ్యులకు శబ్దం (నమ్మదగిన మాట) కలిసి మూడు, విశిష్టాద్వైతులకూ ద్వైతులకూ ఇవే మూడు. నైయాయికులకు ఉపమానంతో (పోలికను బట్టి తెలియడం) నాలుగు. ప్రాభాకర మీమాంసకులకు అర్థాపత్తితో అయిదు. భాట్టులకు, అద్వైతులకు అనుపలబ్ధితో (కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలియడం) ఆరు. గోడకు అంటించుకోదగ్గ పట్టిక ఇది. పోటీ పరీక్షల్లో ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటుంది.

అర్థాపత్తి దగ్గర ఒక నిమిషం ఆగండి. దేవదత్తుడు పగలు ఏమీ తినడు, అయినా లావుగానే ఉన్నాడు, అంటే రాత్రి తింటున్నాడు. ఇది కూడా అనుమానమే, వేరే ప్రమాణం ఎందుకు అంటారు నైయాయికులు. ఒప్పుకోరు మీమాంసకులు. ఈ తగాదాలో మీరు ఎటువైపో రెండు పేజీలు రాయగలిగితే సెమిస్టర్ సగం గెలిచినట్టే.

పాశ్చాత్యంలో వరస తప్పితే ఏమీ అర్థం కాదు. డేకార్ట్, స్పినోజా, లైబ్నిజ్ ఒక గుంపు, జ్ఞానానికి మూలం బుద్ధి అన్నవాళ్లు. లాక్, బర్క్లీ, హ్యూమ్ ఇంకో గుంపు, అనుభవం అన్నవాళ్లు. ఈ రెండు గుంపుల మధ్య జరిగిన గొడవ తెలియకుండా కాంట్ దగ్గరికి వెళ్లకండి. హ్యూమ్ కార్యకారణ సంబంధం మీద వేసిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ రాసిన మనిషి ఆయన. ప్రశ్న తెలియకుండా జవాబు చదివితే కొరుకుడు పడదు.

జవాబు రాసేటప్పుడు కొలత ఇది: నిర్వచనం మూడు వరసలు, వాదం ఒక పేజీ, దాని మీద బలమైన ఆక్షేపణ అర పేజీ, దానికి సమాధానం అర పేజీ, మీ తీర్పు నాలుగు వరసలు. తత్వవేత్త ఎక్కడ పుట్టాడు, ఎన్నేళ్లు బతికాడు అనే కథకు మార్కులు లేవు. అద్వైతం మీద జవాబును "అన్ని దారులూ ఒక్కచోటికే" అని ముగించే అలవాటు మన ఊళ్లో బాగా ఎక్కువ. ద్వైతులు అది చదివితే ఊరుకుంటారా? పేపరు దిద్దే మేడమ్ కూడా ఊరుకోరు.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు మొదటి రోజునుంచే రెండు గళ్ల నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు తెలుగు లేక సంస్కృత పదం, కుడివైపు ఇంగ్లీషు పదం. రోజుకు అయిదు రాస్తే సెమిస్టర్‌కు నాలుగైదు వందలు అవుతాయి. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఫిలాసఫీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఇస్తారు. విషయం తెలిసి ఉండీ పేరు గుర్తుపట్టలేక మార్కులు పోగొట్టుకోవడం కడుపుమంట.

5. రెండో ఎద్దు

ఇక్కడ తొందరపడకండి, కానీ మొదటి సెమిస్టర్ దాటనివ్వకండి. కింది వాటిలో ఒకటి చాలు.

లా. ఫిలాసఫీకి బాగా కలిసొచ్చే జోడీ ఇది. ఏ డిగ్రీ ఉన్నా ఏపీ లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. డిగ్రీలో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. పరీక్ష 120 మార్కులకు, 90 నిమిషాలు. అందులో సగం, అంటే 60 మార్కులు న్యాయ అభిరుచి భాగం. మీరు వేసిన తర్కం అక్కడ నేరుగా అక్కరకొస్తుంది. ఒక జాగ్రత్త: రెగ్యులర్ ఎమ్మే, రెగ్యులర్ ఎల్ఎల్‌బీ ఒకేసారి చేయడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఒకటయ్యాక ఇంకొకటి, మొత్తం అయిదేళ్లు. ఇంట్లో అయిదేళ్లు ఆగలేని పరిస్థితి ఉంటే ముందు లా చేసి, ఎమ్మే తర్వాత దూరవిద్యలో చూసుకోండి.

సివిల్స్. యూపీఎస్సీ మెయిన్స్ రాత మార్కులు 1750. అందులో ఐచ్ఛికం రెండు పేపర్లు కలిపి 500. ఫిలాసఫీ తీసుకుంటే మొదటి పేపరు దర్శనాల చరిత్ర, సమస్యలు. రెండోది సామాజిక రాజకీయ తత్వం, మత తత్వం. సిలబస్ చాలా ఐచ్ఛికాలకన్నా పొట్టి. 2013నుంచి ఉన్న నీతిశాస్త్రం పేపరు 250, వ్యాసం ఇంకో 250. ఈ రెండింటిలోనూ చదివింది కొంత పనికొస్తుంది. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. కానీ నిజం చెప్పాలి: ఐచ్ఛికంగా ఫిలాసఫీ తీసుకోవడానికి ఎమ్మే అక్కర్లేదు. కేవలం సివిల్స్ కోసమే రెండేళ్ల ఎమ్మేలో చేరడం లెక్కకు రాదు. ఏపీపీఎస్సీ గ్రూప్-1 గురించీ భ్రమ పెట్టుకోకండి. 2023 నోటిఫికేషన్ ప్రకారం అందులో ఐచ్ఛికాలు లేవు. మూడో పేపర్లో రాజ్యాంగం, పాలన, చట్టంతో పాటు నీతిశాస్త్రం ఒక భాగం, పేపరు మొత్తం 150 మార్కులు. అంతవరకే.

తాళపత్రాలు. తిరుపతికి ప్రత్యేకంగా ఉన్న అవకాశం ఇదేనని మా అభిప్రాయం, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1939లో మొదలైన ప్రాచ్య పరిశోధనా సంస్థ ఎస్వీయూలోనే ఉంది. సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ రాతప్రతుల పని నడుస్తుంది. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతుల సర్వే, భద్రత కోసం. దర్శనాలు తెలిసి, సంస్కృతం చదవగలిగి, గ్రంథలిపి (దక్షిణాదిలో సంస్కృతం రాసిన పాత లిపి), పాత తెలుగు లిపి పోల్చగలిగే మనిషికి ఇలాంటి పనుల్లో అక్కర ఉంటుంది. విషయం తెలియనివాళ్లు కేటలాగులో న్యాయ గ్రంథాన్ని వ్యాకరణం కింద వేసేస్తారు. దీనికి కావలసింది రెండేళ్ల పాటు వారానికి నాలుగైదు గంటల లిపి అభ్యాసం. జీతాలు ప్రాజెక్టుల మీద ఉంటాయి, ప్రాజెక్టు అయిపోతే ఆగిపోతాయి. అందుకని దీన్ని పీహెచ్‌డీతో కలిపి నడపడం తెలివైన పని.

ఆసుపత్రుల నీతి కమిటీలు. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019 ప్రకారం ట్రయల్స్‌ను పర్యవేక్షించే కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో వైద్యేతరుల కోటాలో సామాజిక శాస్త్రవేత్త, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, తత్వవేత్త, నీతిశాస్త్ర నిపుణుడు వంటివారిలో ఒకరికి చోటు ఉంది. ఇది ఉద్యోగం కాదు, సమావేశానికి ఇంత అని గౌరవభృతి. పెద్ద ఆసుపత్రులున్న ఊరు కాబట్టి, నీతిశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రోగి సమ్మతి పత్రం తెలుగులో రోగికి అర్థమయ్యేలా ఉందా లేదా అని చూడగలిగే మనిషి ఆ బల్ల దగ్గర ఎంత అవసరమో ఒక్క సమావేశంలో తెలుస్తుంది.

అనువాదం, సంపాదకత్వం. తితిదే సప్తగిరి మాసపత్రిక నుంచి పాఠ్యపుస్తకాల అనువాదం దాకా పని ఉంది, ముక్క లెక్కన డబ్బు. రెండు గళ్ల నోటుపుస్తకం ఇక్కడ పెట్టుబడి అవుతుంది. మొదటి ఏడాదే పది పేజీల అనువాదం ఒకటి శుభ్రంగా చేసి నమూనాగా దగ్గర పెట్టుకోండి.

కంప్యూటర్ వైపు. కృత్రిమ మేధ వచ్చాక నీతిశాస్త్రం చదివినవాళ్లకు డిమాండ్ అని వినబడుతుంటుంది. ఉత్త ఎమ్మేతో ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. పైథాన్, గణాంకాలు కొంత వచ్చి ఉండాలి. తర్కం పట్టినవాళ్లకు ప్రోగ్రామింగ్ తేలిగ్గా ఎక్కుతుంది, షరతులు, పట్టికలు అవే కాబట్టి. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతిలో హ్యుమానిటీస్ విభాగం ఉంది. ఐఐటీల్లో పరిశోధనకు గేట్ పరీక్ష ఎక్స్‌హెచ్ (హ్యుమానిటీస్) పేపర్లో ఫిలాసఫీని ఎంచుకుని రాయొచ్చు: జనరల్ ఆప్టిట్యూడ్ 15, రీజనింగ్ 25, ఫిలాసఫీ 60 మార్కులు.

కౌన్సెలర్ అవుదామనుకునేవాళ్లకు హెచ్చరిక. మానసిక చికిత్సకు సైకాలజీ చదువు, దానికి తగ్గ రిజిస్ట్రేషన్ వేరే ఉన్నాయి. ఫిలాసఫీ పట్టాతో బోర్డు కట్టకండి.

6. లెక్చరర్ కావాలంటే: నెట్

ఈ దారి ఎంచుకుంటే రెండో సెమిస్టర్ నుంచే సిద్ధం కావాలి. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సైకిళ్లలో. ఫిలాసఫీ కోడ్ 03. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, ఒక్కోదానికి 2 మార్కులు, మొత్తం 300 మార్కులు, 3 గంటలు. కోత లేదు. ఎమ్మేలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం ఉండాలి. ఎమ్మే చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు.

రెండో పేపరులో పది యూనిట్లు. తర్కం, ప్రాచీన భారతీయ దర్శనం, క్లాసికల్ పాశ్చాత్య దర్శనం, ఈ మూడింటినీ ముందు పూర్తిచేయండి. నీతిశాస్త్రం రెండు యూనిట్లు వీటి మీదే ఆనుకుని వస్తాయి. ఆధునిక భారతీయ తత్వం యూనిట్లో మన నేల పేర్లు రెండు ఉన్నాయి: తిరుపతి బడిలో చదివిన రాధాకృష్ణన్, 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆ పక్కనే గాంధీ, అంబేడ్కర్, పూలే, నారాయణ గురు ఉంటారు. చివరి యూనిట్ అనువర్తిత తత్వం. అందరూ ఆఖరి వారానికి వదిలేసే యూనిట్, తేలిగ్గా మార్కులు వచ్చే యూనిట్ కూడా అదే.

మొదటి పేపరును చిన్నచూపు చూడకండి. అందులో తర్కం, ప్రమాణాలు, హేత్వాభాసాలు కూడా ఉన్నాయి. మిగతా సబ్జెక్టులవాళ్లు ఆ చోట తడుముకుంటుంటే మీరు నిమిషంలో ముగించొచ్చు.

నెట్‌తో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె అదనం. వయసు 30 లోపు, రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు. నాయనకు చూపించాల్సిన లెక్కల్లో ఇది బలమైనది. జేఆర్ఎఫ్ అందకపోయినా, నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరే దారి 2024నుంచి ఉంది. అందులో నెట్ స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతుంది, కాబట్టి ఫలితం రాగానే మూడు నాలుగు యూనివర్సిటీలకు పెట్టేయండి. రాష్ట్ర స్థాయిలో ఏపీసెట్ కూడా ఉంది. అది మన రాష్ట్రంలోనే పనికొస్తుంది.

బీసీ విద్యార్థులు ఏటా మోసపోయేది సర్టిఫికెట్ దగ్గర. పీజీసెట్‌కు ఇచ్చిన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ నెట్‌కు, సీయూఈటీకి చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీ కులం రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేకపోవచ్చు కూడా, ముందు అది చూసుకోండి. తర్వాత ఏప్రిల్ దాటగానే సచివాలయంలో అప్లికేషన్ ఇచ్చి తాసిల్దార్ సంతకంతో ఆ ఏడాదికి కొత్తది తీసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే అదీ అప్పుడే సరిచేయించండి. నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ కేంద్రం దగ్గర క్యూలో నిలబడితే ఆ వారం రోజుల చదువు పోయినట్టే.